గాజు మీద రెండో ముక్క

ఫిబ్రవరి 3

ఏమే పిచ్చుకా,

ఉత్తరం చూడగానే, చేతిలో ఫోన్ ఉండగా వదినకి ఈ కాగితాల పిచ్చేమిటని విసుక్కుంటావు. విసుక్కో. మా ఇంట్లో ఫోన్ అంటే మీ అన్నయ్య చెవి. మోగీ మోగకముందే ఎత్తుతాడు, స్పీకర్ పెడతాడు, "మీరిద్దరూ మాట్లాడుకోండి, నేను వినట్లేదులే" అంటూ పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంటాడు. ఇప్పుడు చెప్పబోయే మాట ఆయన చెవిన పడకూడదు. అందుకే కొట్టు వెనక గదిలో పెయింటు డబ్బాల మధ్య కూర్చుని రాస్తున్నాను. కాగితం మూల ఆకుపచ్చ మరక ఉంటే కంగారుపడకు, అది నా బొటనవేలే.

కంగారుపడాల్సింది వేరే ఉంది. కూర్చుని చదువు. నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. డబ్బాలు ఎత్తీ దించీ కండ పట్టిందేమో అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, సూది పెట్టి చిన్న ముక్క తీసింది. క్యాన్సరేనట. "అయితే ఏ రకమో తెలియాలమ్మా, ఆ రంగు పరీక్షలు ఇక్కడ చెయ్యరు, పెద్ద ల్యాబుకి పంపాలి" అంది. ఏ ల్యాబని అడిగితే నువ్వు పనిచేసే ల్యాబు పేరు చెప్పింది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. నేను గోడల రంగులు కలుపుతాను, నువ్వు మనుషుల ముక్కలకి రంగు వేస్తావు, ఇద్దరిదీ ఒకే వ్యాపారం అని నిన్ను ఏడిపించేదాన్ని కదా. ఇన్నాళ్లకి నీ కొట్టుకి నేనే బేరం తెచ్చాను.

డాక్టరమ్మ చెప్పిందాన్ని బట్టి నాకర్థమైంది ఇది. కొన్ని రకాలైతే కోసి తీసేసి, తర్వాత రోజూ మాత్ర వేసుకుంటూ బతకొచ్చు. కొన్నిటికి గట్టి మందు రక్తంలోకి ఎక్కించాలి. ముందే చెప్తున్నాను, గట్టి మందైతే నేను ఒప్పుకోను. మా అమ్మకి ఎక్కించినప్పుడు దగ్గరుండి చూశాను. ఆవిడ చివరి నెలలన్నీ ఆ మందుకే పోయాయి, మాకేం మిగల్లేదు. నాకు ఆ బతుకు వద్దు. మీ అన్నయ్యకి ఆ చాకిరీ వద్దు. గోరు చిట్లి నెత్తురు కనిపిస్తేనే గోడ పట్టుకునే మనిషి ఆయన.

నా ముక్క నీ చేతికే వస్తే చాలు, నాకు ధైర్యం. వేరే ఎవరైనా ఎలా చూస్తారో ఏమో.

అన్నట్టు నిన్న ఒకావిడ పగిలిన టీకప్పు ముక్క తెచ్చి, హాలు గోడ సరిగ్గా ఆ రంగులో ఉండాలంది. మిషన్ ఒక షేడు చెప్పింది, నా కన్ను ఇంకోటి చెప్పింది. కన్ను చెప్పిందే కలిపాను. గోడ ఆరాక ముక్కని ఆనిస్తే ఎక్కడుందో కనబడలేదట. ఆవిడ సంతోషం చూసి గంటసేపు గడ్డ సంగతి మర్చిపోయాను.

నీ రంగుల కొట్టు వదిన


ఫిబ్రవరి 9

వదినా,

నీ ఉత్తరం టీ తాగుతూ విప్పాను. టీ అలాగే చల్లారిపోయింది.

ముందు తిట్లు అయిపోనీ. గడ్డ తగిలి ఎన్నాళ్లయిందో రాయకుండా దాటేశావు. నేను గమనించననుకున్నావా? కప్పు ముక్క గురించి అంత వివరంగా రాసినదానివి, దీని గురించి రెండు ముక్కల్లో తేల్చేశావు. అన్నయ్యకి చెప్పకపోవడం రెండో తప్పు. ఆయన గోడ పట్టుకుంటే పట్టుకుంటాడు, రోజూ రంగులేసే గోడలు ఆయనకి కొత్తా? సరే, తిట్లు అయిపోయాయి.

నీ ముక్క వచ్చింది. మాకు పేర్లతో పనుండదు, నంబర్లే. పంపిన డాక్టరమ్మ సంతకం, వయసు చూసి పోల్చుకున్నాను. మైనంలో కూర్చిన సన్నటి దారప్పోగు అది. నోరు విప్పితే ఆగని మనిషి ఇంత పోగులో ఎలా ఇమిడిందా అనిపించింది. మా పెద్ద డాక్టరు గారు నా మొహం చూసి, "మీవాళ్లదైతే ఇంకొకరికి ఇద్దామా?" అని అడిగారు. వద్దన్నాను. చేతులు వణికితే ఆపేస్తానని మాటిచ్చి తీసుకున్నాను.

ఏం చేస్తామో చెప్తాను, లేకపోతే నువ్వు ఊహించుకుని చస్తావు. మైనపు దిమ్మని వెంట్రుక మందం కూడా లేని పొరలుగా కోస్తాం. ఆ పొరని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి గాజు పలక మీదికి ఎత్తుతాం. కణాల్లో రకరకాల ప్రోటీన్లుంటాయి. కొన్నిటిని మేం మార్కర్లంటాం. కొత్త మనిషి ఇంటిపేరు చెప్తే ఎవరి తాలూకో తెలిసిపోయినట్టు, ఏ ప్రోటీన్ ఉందో తెలిస్తే ఆ కణం ఎలాంటిదో, ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది. ఒక్కో ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే ద్రావకం ఒక్కోటి ఉంటుంది. అది పోసి, కడిగి, రంగు ఎక్కిస్తాం. వెతికింది దొరికితే అక్కడ గోధుమరంగు తేలుతుంది. దొరక్కపోతే ముక్క లేత నీలంగా ఉండిపోతుంది.

నీకు చూసేవి మూడు. మొదటి రెండూ ఆడవాళ్ల హార్మోన్లని పట్టుకునే ప్రోటీన్లు. అవి ఉంటే మాత్రలకి లొంగే అవకాశం ఎక్కువ. మూడోది మరీ ఎక్కువగా ఉంటే ఆ గడ్డ ఆత్రంగా పెరిగే రకం. దానికీ ఇప్పుడు మంచి మందులున్నాయి, కానీ ఎక్కించాల్సిందే. మీ అమ్మగారి రోజులు వేరు వదినా, అన్నిటినీ ఒకే గాటన కట్టకు.

రంగు నిజంగా పనిచేసిందో, మేమే ఎక్కడైనా పొరపాటు చేశామో తెలియడానికి మా దగ్గర ఒక ఏర్పాటు ఉంది. దాని గురించి నీకెప్పుడో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఉత్తరంలో వద్దు. ఎదురుగా కూర్చుని చెప్తాను.

మా ఆయన బస్సు ఈ వారమంతా పొద్దుటి ట్రిప్పు. నాలుగింటికే లేచి ఇల్లంతా చప్పుడు చేస్తున్నాడు. నిన్ను అడిగానని రాయమన్నాడు. ఆయనకి కూడా నేనేం చెప్పలేదు.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 15

పిచ్చుకా,

"ఎదురుగా చెప్తాను" అంటే ఏమిటే? చెప్తే మొత్తం చెప్పు, లేదంటే అసలు ఎత్తకు. సగం మాట నోట్లో పెట్టుకుని నీళ్లు నమలడం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. స్కూల్లో పలక పగలగొట్టుకొచ్చిన రోజు కూడా అంతే, "వదినా, నీకో మాట చెప్పాలి, రేపు చెప్తాను" అని రాత్రంతా నా పక్కలో దొర్లావు.

ఇక్కడ మీ అన్నయ్యతో నాకు వేరే తిప్పలు. పన్ను నొప్పి అని చెప్పి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చానా, ఆయన "ఏ పన్ను?" అని నోరు తెరిపించాడు. ఒకటి చూపించాను. మూడు రోజులయ్యాక మళ్లీ అడిగితే, ఇంతకుముందు ఏది చూపించానో గుర్తులేక ఇంకోటి చూపించాను. "అయ్యో, రెండోదానికీ పాకిందా" అని మొహం ఇంత చేసుకుని, అప్పట్నుంచీ అన్నీ మెత్తగా ఉడికించి పెడుతున్నాడు. నిక్షేపంలాంటి పళ్లు పెట్టుకుని గంజిలాంటి తిండి తింటున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

స్కూలు బిల్డింగు పని మనకే వచ్చింది. మొత్తం తరగతి గదులకి పసుపు. హెడ్మాస్టరు గారు ఏ పసుపు చూపించినా "ఇంకొంచెం ఉత్సాహంగా" అంటున్నాడు. ఉత్సాహం ఏ డబ్బాలో దొరుకుతుందో ఆయన్నే అడగాలనుంది. ఆ పని పూర్తయ్యేదాకా నేను నిలబడాలి. తర్వాత సంగతి తర్వాత.

నీ ఉత్తరం చదువుతుంటే నీ ఆపరేషన్ గుర్తొచ్చింది. కారణం లేకుండా కాదు. అప్పుడూ ఇలాగే నువ్వు నీ ల్యాబున్న ఆసుపత్రిలోనే, నేను నీ మంచం పక్కన. గర్భసంచి నిండా గడ్డలని మొత్తం తీసేశారు. పిల్లల కోసం మీరిద్దరూ తిరగని డాక్టరు లేడు, చివరికి ఆ సంచే లేకుండా పోయింది. మెలకువ రాగానే నువ్వు అడిగిన మొదటి మాట, "దాన్నేం చేశారు వదినా?" గదిలో అందరం గోడల వంక చూశాం. నేనేదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు, నీ మొహం మాత్రం గుర్తుంది. ఆ తర్వాత నీకు తల దువ్వుతుంటే, "ఇంక నా వల్ల ఎవరికీ ఏ ఉపయోగం లేదు" అన్నావు. నీ నెత్తి మీద దువ్వెనతో ఒక్కటి వేశాను. అది మాత్రం బాగా గుర్తుంది.

ఇప్పుడు ఆ దువ్వెన నీ చేతికి వచ్చింది. గట్టిగా వెయ్యకు.

వదిన


ఫిబ్రవరి 22

వదినా,

ఎక్కువ రాయలేను, చాలా అలిసిపోయాను.

నీ పలకలు అయిపోయాయి. మా ల్యాబులో కొత్త మిషన్ వచ్చింది, రంగు పొయ్యడం, కడగడం అన్నీ అదే చేసుకుపోతుంది. నీవి మాత్రం నేను చేత్తోనే చేశాను. నువ్వు మిషన్‌ని నమ్మవు కదా. చేతులు వణకలేదు. అంతా అయ్యాక బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

పెద్ద డాక్టరు గారు మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాశారు. అది నేరుగా మీ డాక్టరమ్మకి వెళ్తుంది. ఆవిడ సెలవు నుంచి వచ్చి మార్చి 12న నిన్ను చూస్తుంది. నన్నేం అడగకు. ఇంట్లోవాళ్లదైనా, ఎవరిదైనా, ల్యాబువాళ్లు నోటితో చెప్పకూడదు. ఇదివరకు ఇక్కడో అమ్మాయి జాలిపడి ఒకావిడకి "ఏం లేదులెండి" అని చెప్పింది. తర్వాత ఇంకో పరీక్షలో ఉందని తేలింది. ఆవిడ మొహం నేను చూశాను. అందుకే నువ్వు ఒట్టు పెట్టినా చెప్పను.

పలకలు అట్టపెట్టెలో పెట్టి నీ పేరున కొట్టుకి పంపుతున్నారు. 12న డాక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్లు. తెరవకు. తెరిచినా నీకేం అర్థం కాదు.

ఒక్కటి మాత్రం రాస్తాను. ఇందులో నువ్వు ఒక్కదానివే లేవు. ఊరికే ధైర్యం కోసం అంటున్న మాట కాదిది.

నీ పిచ్చుక


మార్చి 2

పిచ్చుకా,

తెరిచాను. "తెరిచినా నీకేం అర్థం కాదు" అని నాకు రాస్తే తెరవకుండా ఎలా ఉంటాననుకున్నావు?

మీ అన్నయ్య స్కూలు పని మీద ఉన్నప్పుడు, వెనక గది కిటికీ దగ్గర తెల్ల షేడు కార్డు పరిచి, దాని మీద ఒక్కో పలకా పెట్టి చూశాను. నాలుగున్నాయి. ఒకటి ఊదాగులాబీ రంగుది, నువ్వు చెప్పిన రంగుల్లో లేదని అది వదిలేశాను. మిగతా మూడూ నువ్వు చెప్పిన పరీక్షలని పోల్చుకున్నాను.

నాకు సూది గుచ్చింది ఒక్క చోటే. తీసింది ఒక్క పోగే. మరి ఒక్కో పలక మీద రెండేసి ముక్కలెందుకున్నాయి?

ఒకటి దారప్పోగు. అది నాదని నాకు తెలుసు. కొంచెం ఎడంగా ఇంకోటి ఉంది, గుండ్రంగా, చిటికెన వేలి గోరంత. ముప్ఫై ఏళ్లుగా రంగులు చూస్తున్నాను, రెండూ ఒకే డబ్బాలోవి కావు. నేత వేరు, ఒళ్లు వేరు. అంటే నాలో ఉన్నది ఒక రకం కాదు, రెండు రకాలు. పోగుకి మొదటి రెండు పలకల మీద గోధుమరంగు ఉంది, మూడోదాని మీద లేదు. అది మాత్రలకి లొంగే రకమని నువ్వే నేర్పావు. గుండ్రందానికి మూడిటి మీదా రంగు ఎక్కింది. మూడో పలక మీద మరీ ముదురు. అది ఆత్రంగా పెరిగేదని కూడా నువ్వే నేర్పావు.

నీ సగం మాటలన్నీ ఇప్పుడు నాకు పూర్తయ్యాయి. ఎదురుగా చెప్తానన్నది ఇదే. "నువ్వు ఒక్కదానివే లేవు" అన్నది ఇందుకే. పోయేవాళ్లకి చెప్పే మాట అది. నేనూ మా అమ్మకి చెప్పాను. నీ మీద కోపం లేదు. ఆ పలకలు నీ చేత్తో కడిగి, ఆ రంగు తేలడం నీ కళ్లతో చూసి, మెట్ల మీద ఒక్కదానివే కూర్చున్నావు.

డాక్టరమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి 12న రానని చెప్పేశాను. గట్టి మందు వద్దని మొదటి ఉత్తరంలోనే రాశాను, నా మాట మీదే ఉన్నాను. స్కూలు పని అవగానే మీ అన్నయ్యకి చెప్తాను.

ఆయన గురించి నీకు కొన్ని అప్పగించాలి. చొక్కాలు ఉన్నవే వేసుకుంటాడు, చిరిగేదాకా చెప్పడు, నువ్వే చూస్తుండాలి. ఒంట్లో బాగాలేకపోతే మాట్లాడడు, గోడలు గీకుతాడు. ఎక్కడైనా సున్నం రాలి ఉంటే జ్వరమని అర్థం చేసుకో. నిచ్చెన ఎక్కుతానంటే ఎక్కనివ్వు, దిగేటప్పుడు మాత్రం కింద ఎవరో ఒకరు ఉండాలి. ఇన్నాళ్లూ ఆ ఒకరు నేనని ఆయనకి తెలియదు. పనేదో ఉన్నట్టు అటు వెళ్లి నిలబడేదాన్ని.

నాకు భయంగా ఉంది పిచ్చుకా. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

వదిన


మార్చి 5

వదినా,

మీ డాక్టరమ్మ ఆఫీసుకి నీ గొంతుతో మాట్లాడి 12వ తారీఖు మళ్లీ రాయించాను. "ఏమ్మా, నేను రంగుల కొట్టు నుంచి, మొన్న పొరపాటున వద్దన్నాను" అంటే, అవతల అమ్మాయికి అనుమానమే రాలేదు. నిన్ను చిన్నప్పటి నుంచీ వెక్కిరించింది ఇన్నాళ్లకి పనికొచ్చింది. ఈ ఉత్తరం మా ఆయన తన బస్సులో తెచ్చి నీ చేతికే ఇస్తాడు. ఆయనకి అంతా చెప్పేశాను. ఇంక దాచడం నా వల్ల కాదు.

నీ ఉత్తరం చదివి ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను. తర్వాత నీ మీద కోపం వచ్చింది. తర్వాత నా మీద వచ్చింది. సగం మాటలు రాసింది నేనే కదా.

ఆ గుండ్రటి ముక్క నీది కాదు.

విను. రంగు పోసినప్పుడు ఏ రంగూ తేలకపోతే, నిజంగానే ఆ ప్రోటీన్ లేదా, లేకపోతే మా ద్రావకం పాడైందా అని ఎలా తెలుస్తుంది? అందుకని ప్రతి పలక మీదా, రోగి ముక్కకి ఎడంగా, ఆ ప్రోటీన్ తప్పకుండా ఉందని తెలిసిన ఇంకెవరిదో ముక్క ఒకటి పెడతాం. దాన్ని కంట్రోల్ అంటాం. అది గోధుమరంగుకి తిరిగితేనే రోగి ముక్కలో కనిపించింది నమ్మొచ్చు. అది తిరగకపోతే పలక మొత్తం పారేసి మళ్లీ చేస్తాం. నువ్వు కొత్త షేడు కలిపాక, తెలిసిన రంగు పక్కన గీత గీసి చూస్తావే, అలాంటిదే.

మొదటి రెండు పరీక్షలకి, హార్మోన్లవాటికి, కంట్రోల్‌గా పెట్టేది గర్భసంచి ముక్క. ఆ ప్రోటీన్లు అక్కడ నిండా ఉంటాయి. జబ్బేం లేని మామూలు ఒళ్లే అది.

అది నాది వదినా.

దాన్నేం చేశారని అడిగినప్పుడు నువ్వేం చెప్పావో నీకు గుర్తులేదు. నాకు గుర్తుంది. "దాని సంగతి వదిలెయ్యి, నువ్వు మిగిలావు చాలు" అన్నావు. నేను వదల్లేకపోయాను. ఆపరేషన్ అయ్యి మళ్లీ డ్యూటీలో చేరిన రోజే పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, పరీక్షకి తీసిన దిమ్మలు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నారు. గడ్డ లేనిచోటు నుంచి తీసిన మంచి దిమ్మ ఒకటి ఉంది. మన కంట్రోల్ దిమ్మ అయిపోవస్తోంది కదా, ఇది వాడుకుందామా అన్నాను. ఆయన దిమ్మ తెప్పించి వెలుగుకి పట్టి చూశారు. తర్వాత కాగితం మీద నా సంతకం తీసుకుని, దానికి ఒక నంబరు వేశారు. ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అప్పట్నుంచీ ఈ ల్యాబుకి వచ్చే ఆడవాళ్లందరి పక్కనా అదే ఉంటోంది. వాళ్లెవరో నాకు తెలియదు. పొద్దున్నే మొదటి పలక ఎత్తి చూసినప్పుడు నా ముక్క గోధుమరంగుకి తిరిగి ఉంటే, "సరే, ఇవాళ పని మొదలుపెట్టొచ్చు" అనుకుంటాను. ఏ ఉపయోగం లేదన్నదానికి నువ్వు దువ్వెనతో కొట్టావు చూడు, ఆ దెబ్బే గుర్తొస్తుంది.

నీకెందుకు చెప్పలేదంటే, నవ్వుతావని. "పోయినదాన్ని కూడా డ్యూటీ ఎక్కించావా" అంటావని. రాయబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

కోస్తూ కోస్తూ ఆ దిమ్మ అరిగిపోయింది. ఇంకో నాలుగు నెలలు వస్తే గొప్ప. నీ వంతు దాకా ఆగింది. అదే నా అదృష్టం.

మూడో పలక మీదున్న గుండ్రంది నాది కాదు. అది వేరే ఆవిడది, ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉన్న గడ్డ. ముప్ఫై ఏళ్ల కన్ను అని గొప్పలు పోయావు, గుండ్రంగా ఉన్నవన్నీ ఒకటేననుకున్నావు. సరిగ్గా చూడు, మొదటి రెండిటి మీదున్న ముక్కకీ దానికీ పోలికే లేదు.

నీ ముక్క గురించి నేనిప్పుడూ ఏం చెప్పను. నా ముక్క గురించి చెప్పే హక్కు నాకుంది, అది చెప్పాను. నన్నూ, ఆవిడనీ పక్కకి తీసేసి చూసుకో. మిగిలినదాన్ని నువ్వే చదివి నాకు రాశావు. 12న డాక్టరమ్మ నోటి నుంచి విను. అన్నయ్యని తీసుకెళ్లు.

నిచ్చెన కింద నిలబడే పని నేను చెయ్యను. అది నీదే. నాకు అప్పగించకు.

పిచ్చుక


మార్చి 13

నా తల్లీ,

నిన్ను ఏమని పిలవాలో తెలియక ఇలా రాశాను.

మీ ఆయన బస్సు కొట్టు ముందు ఆపేసి, ప్రయాణికులు అరుస్తున్నా దిగి, ఉత్తరం నా చేతికిచ్చి, "చదివేదాకా వెళ్లను" అన్నాడు. నిలబడే చదివాను. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయనా పట్టుకున్నాడు. బస్సులోవాళ్లు ఎందుకో అరవడం మానేశారు. మీ అన్నయ్య లోపల్నుంచి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, "పన్ను కాదు కదూ?" అన్నాడు. చెప్పేశాను. గోడ పట్టుకోలేదు. నన్నే పట్టుకున్నాడు.

నిన్న ఇద్దరం వెళ్లాం. డాక్టరమ్మ పెట్టె తెరిచి, పలక వెలుగుకి పట్టి, "ఈ గుండ్రంది మీది కాదమ్మా, ఇది కంట్రోల్" అని వివరించబోయింది.

"తెలుసండీ, అది మా ఆడపడుచు" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి నా వంక చూసింది. మీ అన్నయ్య పక్కనుంచి, "అవునండీ, మా చెల్లే" అన్నాడు. ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని రిపోర్టు తీసింది.

మాత్రల రకమే. వచ్చే వారం కోసి తీసేస్తారు. చంకలోకి పాకిందో లేదో అప్పుడు చూస్తారట, దాన్ని బట్టి కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలా అన్నది తేలుతుంది. గట్టి మందు అక్కర్లేకపోవచ్చు అంది. పూర్తిగా మాటివ్వలేదు. నేనూ అడగలేదు. అవసరమైతే ఒప్పుకుంటావా అని మీ అన్నయ్య దార్లో అడిగాడు. ఒప్పుకుంటానన్నాను. ఎప్పుడు మనసు మారిందో నాకే తెలియదు. ఒక్కదాన్నే ఉన్నాననుకున్నప్పుడు వద్దనిపించింది, అంతే.

నువ్వు రాసింది నిజమే, మూడో పలక మీదావిడ వేరే. నా కన్ను భయపడినప్పుడు పనిచెయ్యదని తెలిసింది. ఆవిడెవరో, ఎలా ఉందో. బాగుండాలని అనుకున్నాను.

ఆపరేషన్‌కి నువ్వు రావాలి. తల దువ్వే వంతు నీది. స్కూలు గోడలకి పసుపు కూడా కుదిరింది. పిల్లలు గదిలోకి వచ్చి అరవగానే హెడ్మాస్టరు గారు "ఇదే, ఇదే" అన్నాడు. నేను డబ్బాలో ఏమీ మార్చలేదు.

పలకలు తిరిగి ఇచ్చెయ్యాలట. ఇచ్చేముందు మీ అన్నయ్య ఒకసారి చూస్తానన్నాడు. వెనక గదిలో స్టూలు వేసుకుని, కిటికీ వెలుగులో షేడు కార్డు మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇందులో నా చెల్లెలు ఏది, నా పెళ్లాం ఏది?" అని అడిగాడు.

నేను వేలు పెట్టి చూపించాను. ఆయన పలకని తిప్పి తిప్పి చూసి, "రంగు ఒకటేనే" అన్నాడు.

షేడు కార్డు దగ్గరగా జరిపి చూశాను. నిజమే, ఒకటే షేడు.

నీ పక్కనున్న
వదిన